అరటినార పట్టీ, టైరు అడుగు: మొదటి జోడు కుట్టుకోవడం ఎలా?

కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు మండలాల్లో కృష్ణ ఒడ్డున గెల కొట్టేశాక అరటి బోదె గట్టు మీద పడి కుళ్ళిపోతుంది. తెనాలి చుట్టూ కాలవల్లో గుర్రపుడెక్క నీళ్ళు కనపడనివ్వదు. బాపట్ల ఇసుక నేలల్లో తాటాకులూ మట్టలూ పొయ్యి కిందికి పోతాయి. రేపల్లె దారిలో ఏ పంక్చరు షాపు వెనక చూసినా అరిగిన టైర్ల గుట్ట ఉంటుంది. వీటిలో చెప్పులకు పనికొచ్చేదేది, ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది అన్నదే ఇక్కడి విషయం. ఇంతవరకు చెప్పులు కుట్టే ఆరె చేత్తో పట్టుకోనివాళ్ళ కోసం రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక నియమం. కొత్త సరుకుతో ప్రయోగం పాదం పైన చెయ్యండి, అరికాలి కింద వద్దు. పైపట్టీ తెగితే చెప్పు చేత పట్టుకుని ఇంటికొస్తారు. తడి గచ్చు మీద అడుగు జారితే తుంటి విరుగుతుంది. అందుకే అడుగుభాగానికి ఎప్పటినుంచో నమ్మకంగా వాడుతున్న రబ్బరు పెట్టి, పైన మీ ఇష్టమొచ్చిన నారతో ఆడుకుందాం.

మొదటి జోడుగా వెనక పట్టీ ఉన్న శాండల్ ఎంచుకోండి. బూటు కుట్టాలంటే పాదం ఆకారంలో అచ్చు కావాలి, పైభాగమైన అప్పర్‌ను ఆ అచ్చు మీద సాగదీసి బిగించడం రావాలి. శాండల్‌కు అవేమీ అక్కర్లేదు. తప్పెక్కడ జరిగిందో కంటికి కనపడుతుంది, విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు.

ముందు పనివాడి దగ్గర కూర్చోండి

ఏ ఊళ్ళో అయినా బస్టాండు దగ్గరో, మార్కెట్టు మూలో గొడుగు కింద చెప్పులు కుట్టే మనిషి ఉంటాడు. వీడియోలు చూడటం తర్వాత, ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి. తోళ్ళు నానబెట్టే లందలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోలు ఊనడం, చెప్పు కుట్టడం అనే విద్యను తెలుగునాట తరతరాలుగా నిలబెట్టినవాళ్ళు మాదిగలు. ఆ విద్యకు రావలసిన మర్యాద రాలేదు, కూలీ రాలేదు. కాబట్టి 'బాబాయ్, ఒక పూట నేర్పిస్తారా?' అని అడగండి. ఆ పూట ఆయన సంపాదించుకునే దానికి తగ్గకుండా చేతిలో పెట్టి కూర్చోండి.

చూడాల్సింది ఆరె పని. ఆరె మొన దగ్గర చిన్న కొక్కెం ఉంటుంది. పైనుంచి గుచ్చితే అది అడుగున ఉన్న దారాన్ని పట్టి ఉచ్చులాగా పైకి లాగుతుంది. ఆ ఉచ్చులోంచి దారం రెండో కొసను దూర్చి రెండు వైపులా బిగిస్తారు. ప్రతి కుట్టూ దేనికదే బిగుసుకుంటుంది గనక మధ్యలో ఒకటి తెగినా వరసంతా ఊడిపోదు. ఈ ఒక్క కుట్టు చేతికి వచ్చేదాకా పాత చెప్పు ముక్కల మీద సాధన చెయ్యండి. అది రాకుండా అరటినార జోలికి పోతే సరుకు దండగ.

సామాను పెద్దగా అక్కర్లేదు: ఆరె, తోలు కోసే పదునైన రంపె, సుత్తి, మైనం పట్టించిన నైలాన్ దారం, టైలరింగ్ టేపు, ఉప్పుకాగితం, చెప్పుల షాపులకు సరుకు అమ్మేచోట దొరికే సొల్యూషన్ (అతికించే జిగురు) డబ్బా.

పాదం కొలత

సాయంత్రం పూట కొలవండి. రోజంతా నిలబడ్డాక పాదం కాస్త ఉబ్బుతుంది, చెప్పు పట్టాల్సింది ఆ పాదానికి. రెండు కాళ్ళూ కొలవాలి, చాలామందికి రెండూ ఒకలా ఉండవు. మందపాటి కాగితం మీద బరువంతా వేసి నిలబడమని, పెన్సిలు నిట్టనిలువుగా పట్టి చుట్టూ గీయండి. పెన్సిలు లోపలికి వాలితే పాదం సన్నబడుతుంది, బయటికి వాలితే లావవుతుంది.

మూడు కొలతలు రాసుకోండి. మడమ నుంచి అన్నిటికన్నా పొడుగు వేలి కొస దాకా పొడవు. బొటనవేలి మొదట్లో, చిటికెనవేలి మొదట్లో ఉండే ఎముకల మీదుగా ముంగాలి చుట్టుకొలత. మీగాలి చుట్టుకొలత. బొటనవేలి ఎముక, చిటికెనవేలి ఎముక ఎక్కడున్నాయో కాగితం మీద చుక్కలు పెట్టండి. పట్టీ ఈ చుక్కలకు కాస్త వెనకగా దిగాలి. సరిగ్గా ఎముక మీద దిగితే మొదటి రోజే బొబ్బ ఎక్కుతుంది.

మనం షాపులో అడిగే నంబర్లు ఇంగ్లండు లెక్క. ఒక నంబరుకూ తర్వాతి దానికీ తేడా అంగుళంలో మూడోవంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. అచ్చు పొడవును అంగుళాల్లో తీసుకుని మూడుతో గుణించి 25 తీసేస్తే పెద్దల నంబరు వస్తుంది. ఈ లెక్కలో వెడల్పు ఊసే లేదు. మన పాదాలతో చిక్కంతా వెడల్పులోనే ఉంది. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ, అందరూ సీఎల్‌ఆర్‌ఐ అనేది, 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశమంతటా లక్షమందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. యూరప్, అమెరికా వాళ్ళకంటే మన పాదాలు వెడల్పు అని ఆ సర్వేలో తేలింది. మనకంటూ 'భా' అనే కొలతల పద్ధతి ఉండాలని దాని ఆధారంగానే ప్రతిపాదించారు. నంబరు సరిపోయినా చిటికెనవేలు నలిగిపోతోందని మీ అమ్మగారు అంటుంటే ఆవిడ పాదంలో లోపమేమీ లేదు. సొంతంగా కుట్టుకోవడంలో పెద్ద లాభం ఇక్కడే.

పాదం గీతకు వేళ్ళ ముందు 8 నుంచి 10 మిల్లీమీటర్లు కలిపి, ఒంపులన్నీ నునుపు చేసి సోల్ గీత గీయండి. మూసి ఉండే బూటైతే 12 నుంచి 15 కలపాలి.

సరుకును కత్తిరించే ముందు ఏడిపించి చూడండి

చాలామంది ఇక్కడ తొందరపడతారు. నారతో అల్లిన పట్టీ చూడటానికి బాగుంటుంది, ఫొటోలో ఇంకా బాగుంటుంది. కాలికి వేసుకున్నాక చెమట పడుతుంది, వంగుతుంది, ఒరుసుకుంటుంది. మన సముద్రపు గాలిలో ఎప్పుడూ తేమే. దేనితో కుట్టదలిచినా అంగుళం వెడల్పు, జానెడు పొడవు ముక్కలు నాలుగు చేసుకుని నాలుగు పరీక్షలు పెట్టండి.

మొదటి ముక్కకు పదికిలోల బియ్యం సంచి వేలాడదీసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ఎంత సాగిందో కొలవండి. తెగకపోవడం ఒక్కటే చాలదు. అర అంగుళం సాగిందంటే పట్టీ వారంలో వదులైపోతుంది.

రెండో ముక్కను ఒకేచోట ముందుకూ వెనక్కీ మడుస్తూ ఉండండి. టీవీ చూస్తూ చేసే పనే. అడుగు వేసిన ప్రతిసారీ ముంగాలి దగ్గర చెప్పు వంగుతుంది, రోజుకు వేలసార్లు. తాటాకు ఈ పరీక్షలో త్వరగా పగిలిపోతుంది. అందుకని తాటాకు పనికిరాదని కాదు. వంగని చోట, మడమ వెనక బిగుతుగా నిలబడాల్సిన చోట దాన్ని వాడుకోవాలి.

మూడో ముక్కను తూచి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, మళ్ళీ తూచండి. ఎన్ని నీళ్ళు తాగిందో తెలుస్తుంది. తర్వాత నీడలో ఆరబెట్టి, ఎండిపోయాక ఎలా ఉందో చూడండి. కుంచించుకుపోయిందా, బిరుసెక్కిందా, వాసనొస్తోందా, రెండ్రోజులకు నల్లటి బూజు చుక్కలు వచ్చాయా? డెల్టాలో ఎక్కువ సరుకులు ఓడిపోయేది ఈ పరీక్షలోనే. గుర్రపుడెక్క కాడలు ఎండాక జడలుగా అల్లితే ముచ్చటగా ఉంటాయి, కానీ నీళ్ళు విపరీతంగా పీలుస్తాయి. దాన్ని భారం మోసే పట్టీగా వాడకండి, పైన అలంకారపు అల్లికగా పెట్టుకోండి.

నాలుగో ముక్కను సిమెంటు గచ్చు మీద రుద్దండి, తర్వాత తడిపి తెల్ల గుడ్డ మీద రుద్దండి. మొదటిది అరుగుదల చెబుతుంది, రెండోది రంగు దిగడం చెబుతుంది.

ఫలితాలన్నీ ముక్కలతో సహా ఒక నోటుబుక్కులో అంటించి పెట్టుకోండి.

అరటినార పట్టీ

గెల కొట్టిన ఒకటి రెండు రోజుల్లోనే బోదె తెచ్చుకోండి. బోదెలో నూటికి తొంభై వంతులు నీరే, ఆలస్యమైతే మచ్చలు పడి కుళ్ళు మొదలవుతుంది. అరటి కర బట్టలకు అంటితే పోదు, పాత బట్టలు కట్టుకుని కూర్చోండి. దొప్పలు ఒక్కొక్కటిగా ఒలవండి. బయటి దొప్పల నార ముతక, లోపలికి పోయేకొద్దీ మెత్తన. నట్టనడుమ దవ్వ కూరకు పోతుంది. చెప్పులకు నడిమి దొప్పలు బాగుంటాయి. వాటిని రెండు వేళ్ళ వెడల్పు పట్టీలుగా చీల్చి, చెక్క మీద పరిచి, మొద్దు అంచున్న కత్తితో ఒకే వైపుకు గీకుతూ పోతే గుజ్జు జారిపోయి నార పోగులు తేలుతాయి. పదునైన కత్తి నారనే కోసేస్తుంది. కడిగి నీడలో ఆరేయండి.

పూలు కట్టేవాళ్ళను గమనించండి. ఎండిన అరటినారను తడపనిదే ముడి వెయ్యరు. పొడిగా ఉంటే ముడి దగ్గర పుటుక్కున తెగుతుంది. మనకూ అంతే, అల్లేటప్పుడు నార తడిగా ఉండాలి.

అరటినారను నూలులా వడకరు, కొసకు కొస ముడివేస్తూ పొడవు చేస్తారు. ఆ ముళ్ళ దగ్గర బలం తక్కువ. అందుకని పడుగు నూలు పెట్టి, పేకగా అరటినార వాడండి. పడుగు పట్టీ పొడవునా పోవాలి. అప్పుడు లాగుడంతా నూలు మోస్తుంది, అరటినార అడ్డంగా కూర్చుని మెరుపూ ఆకారమూ ఇస్తుంది. చీరాల, భట్టిప్రోలు వైపు నేత పనివాళ్ళు తెలిసుంటే మూర గుడ్డ నేయించుకోవచ్చు. లేకపోతే చెక్కకు రెండు కొసలా మూడేసి మిల్లీమీటర్ల ఎడంలో సన్నమేకులు కొట్టి, వాటి మధ్య నూలు సాగదీసి, పెద్ద సూదితో నారను పైకీ కిందికీ దూరుస్తూ అల్లుకోండి. నాలుగు వేళ్ళ వెడల్పు చాలు.

ఈ అల్లిక ఒక్కటే కాలిని పట్టి ఉంచలేదు. దాని వెనక, కంటికి కనపడకుండా నవారు పెట్టండి. ఏళ్ళ తరబడి మంచాల మీద మనుషుల బరువు మోసిన నవారుకు ఒక పాదం లెక్క కాదు. పైన అరటినార అల్లిక, మధ్యలో నవారు, లోపల కాలికి తగిలేవైపు మెత్తటి చేనేత నూలుగుడ్డ: ఈ మూడింటినీ అంచుల వెంట కలిపి కుట్టేస్తే పట్టీ తయారు.

తడి తట్టుకోవడానికి తేనెమైనం, అవిసె నూనె కలిపి సన్నసెగ మీద కరిగించి, గోరువెచ్చగా ఉండగా గుడ్డతో పల్చగా పట్టించి, నీడలో రెండుమూడు రోజులు ఆరనివ్వండి. పని అయ్యాక అవిసె నూనె గుడ్డను ఉండచుట్టి మూలన పారేయొద్దు. అది తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణమున్న నూనె. గుడ్డను ఆరుబయట విప్పి ఆరేయండి.

మొక్కల తోలు సంగతి కూడా చెప్పుకోవాలి. కేరళలో మలై అనే సంస్థ కొబ్బరినీళ్ళలో బాక్టీరియా పెంచి, అది అల్లే పొరతో తోలు లాంటి షీటు చేస్తోంది. కార్మెన్ హిహోసా అనే స్పెయిన్ డిజైనరు అనాస ఆకుల నారతో పినాటెక్స్ తీసుకొచ్చారు. బాపట్ల తీరంలో కొబ్బరికి కొదవ లేదు గనక ఇంట్లో పళ్ళెంలో ఆ పొర పెంచి చూడాలనిపించడం సహజం, తప్పక చూడండి. కానీ పైపూత లేని పొర చెమటకు ఉబ్బుతుంది. పినాటెక్స్‌కు కూడా మొక్కజొన్న లాంటి పంటల నుంచి చేసే ప్లాస్టిక్కు, పైన రెసిను పూత కలిస్తేనే మన్నిక వచ్చింది. మీ నోటుబుక్కులో దానికొక పేజీ ఇవ్వండి, మొదటి జోడులో చోటు ఇవ్వకండి.

అడుగు

మన ఊళ్ళలో టైరు చెప్పులు కొత్తవి కావు, పొలం పనివాళ్ళు ఎన్నో ఏళ్ళు తొడిగారు. పంక్చరు షాపులో నైలాన్ టైరు అడగండి. రేడియల్ టైరు లోపల ఉక్కు తీగలుంటాయి, కత్తి దిగదు, దిగినా తీగ ముక్కలు కాల్లో గుచ్చుకుంటాయి. నైలాన్ టైరులోనూ రిమ్ముకు ఆనుకునే అంచులో ఉక్కు తీగ ఉంటుంది, ఆ భాగం వదిలేయండి. లారీ టైరు బరువు, ఆటో టైరు తేలిక. రబ్బరు కోసేటప్పుడు కత్తిని సబ్బునీళ్ళలో ముంచుతూ ఉంటే సాఫీగా తెగుతుంది. కోసే దిశలో రెండో చెయ్యి పెట్టకండి.

టైరు ఒక్కటే అయితే అరికాలు బండబారుతుంది. పైన 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఈవీఏ అనే మెత్తటి ఫోమ్ షీటు గానీ మైక్రోసెల్యులర్ రబ్బరు గానీ వెయ్యండి. ఈ రెండోదే ఆసుపత్రుల్లో ఎంసీఆర్ చెప్పులుగా తెలిసినది. స్పర్శ పోయిన పాదాలకు పుండ్లు పడకుండా కుష్ఠు వ్యాధి చికిత్సలో దీన్ని వాడుతూ వచ్చారు, ఇప్పుడు షుగరు ఉన్నవాళ్ళకూ ఇస్తున్నారు. తెనాలిలో గ్రేటర్ తెనాలి లెప్రసీ ట్రీట్‌మెంట్ అండ్ ఎడ్యుకేషన్ స్కీము, బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారి ఎవాంజలిన్ బూత్ ఆసుపత్రి ఉన్న ప్రాంతం మనది. చెప్పు కూడా వైద్యంలో భాగమే అన్న సంగతి ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. దాన్ని బట్టి గట్టిగా ఒక మాట: షుగరు ముదిరి కాళ్ళు తిమ్మిరెక్కినవాళ్ళ మీద మీ ప్రయోగపు జోడు పరీక్షించకండి. పట్టీ ఒరుసుకుంటున్నా వాళ్ళకు తెలియదు. వాళ్ళకు డాక్టరు చెప్పిన చెప్పులే వెయ్యాలి.

కాగితం, తర్వాత పాత జీన్సు

సోల్ గీతను అట్టముక్క మీద కోసి, దాని మీద పాదం పెట్టించండి. న్యూస్‌పేపరు పట్టీని పాదం మీదుగా వేసి, అట్ట అంచుకు తాకిన చోట రెండు వైపులా గుర్తు పెట్టండి. గుర్తు నుంచి అడుగున దూరడానికి 20 మిల్లీమీటర్లు కలపండి. అదే కొలతతో పాత జీన్సు గుడ్డ కత్తిరించి, అట్టకు పిన్నులు కొట్టి, ఇంట్లో నాలుగడుగులు నడిపించండి. పాదం ముందుకు జారుతుంటే పట్టీ వెనక్కి జరపాలి. మడమ పక్కకు పోతుంటే వెనక పట్టీ బిగించాలి. జీన్సు మీద మార్పులన్నీ పెన్నుతో గీసేయండి, అదే మీ అసలు నమూనా అవుతుంది. కుడికాలి నమూనా తిరగేసి ఎడమకాలికి వాడేముందు మీరు రాసుకున్న ఎడమ కొలతలతో సరిచూసుకోండి.

అతకడం, కుట్టడం

పై పొరకు, అంటే పాదం ఆనే పల్చటి పొరకు, గుర్తుల దగ్గర చీలికలు కోసి పట్టీ కొసలు కిందికి దించండి. కొసలను అడుగువైపు మడిచి, ముందు సొల్యూషన్‌తో అంటించి, తర్వాత ఆరెతో రెండు వరసలు కుట్టండి. ఆ తర్వాత దాని కింద ఎంసీఆర్ పొర, దాని కింద టైరు.

సొల్యూషన్ పట్టాలంటే రబ్బరు మీది నునుపు పోవాలి. ఉప్పుకాగితంతో గరుకుగా రుద్ది, దుమ్ము దులపండి. రెండు ముఖాలకూ పల్చగా రాసి, వేలితో తాకితే అంటనంతగా ఆరాక, పది పదిహేను నిమిషాలకు, కలపండి. ఒకసారి తాకాక జరపడం కుదరదు గనక మడమ వైపు నుంచి మొదలుపెట్టి ముందుకు పరుచుకుంటూ రండి. సుత్తితో మధ్య నుంచి అంచులకు కొట్టండి. కిటికీలన్నీ తెరిచి, పొయ్యికి దూరంగా, పిల్లలు లేనిచోట చెయ్యండి. టైరు అంచు చుట్టూ ఒక వరస కుట్టు కూడా వేస్తే అతుకు వదిలినా అడుగు ఊడదు.

బూటు దాకా వెళ్ళాలనుకునేవాళ్ళకు పాదం అచ్చు గురించి చిన్నమాట. పాదానికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడిగి, మెడికల్ షాపులో దొరికే పీఓపీ కట్టు చుట్టి, గట్టిపడ్డాక ముందువైపు కోసి తీసి, ఆ గుల్లలో ప్లాస్టర్ పోస్తే పాదం నకలు వస్తుంది. బకెట్లో ప్లాస్టర్ కలిపి కాలు ముంచడం మాత్రం ఎన్నడూ చెయ్యొద్దు. అది గట్టిపడేటప్పుడు పుట్టే వేడి చర్మాన్ని కాల్చేస్తుంది. అచ్చులు పోయడం నేర్చుకోవడానికి తెనాలి కంటే మంచి ఊరు దగ్గర్లో లేదు. పాత ఇనుప నట్లు, బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసిన సూర్య శిల్పశాల ఉన్న ఊరది. పారేసిన సరుకులో ఆకారం చూడటం అక్కడి శిల్పులకు వెన్నతో పెట్టిన విద్య. పాదం నకలును ఉన్నదున్నట్టు బూటుకు వాడకండి. వేళ్ళ ముందు జాగా కలిపి, వేళ్ళ సందులు పూడ్చి, మడమను ఎత్తులో నిలిపాకే అది అచ్చు అవుతుంది.

మూడు నేలల మీద

ఇంట్లో ఒక రోజు, వీధిలో ఒక రోజు తొడిగాక అసలు పరీక్షకు తీసుకెళ్ళండి. తెనాలి బజారు సిమెంటు రోడ్డు అరుగుదల చెబుతుంది. బాపట్ల పక్కన సూర్యలంక ఇసుకలో నడిస్తే ఇసుక పట్టీ కిందకు దూరి లోపలి నూలుగుడ్డను ఎలా తింటుందో, ఉప్పు నీళ్ళకు మైనం పూత నిలుస్తుందో లేదో తేలుతుంది. రేపల్లె వైపు వరిచేల గట్ల మీద తడిసిన నల్లమట్టి అడుగును పట్టి లాగుతుంది. అతుకులో బలహీనత ఉంటే అక్కడ బయటపడుతుంది. ప్రతి నడక తర్వాత చెప్పు విప్పగానే పాదం చూడండి. ఎక్కడ ఎర్రబడిందో అక్కడ చెప్పు మార్చాలి.

నెల రోజులు వాడాక ఒక కాలి చెప్పును రంపంతో నిలువునా మధ్యకు కోయండి. మనసొప్పదు, అయినా కోయండి. పొరల మధ్య సొల్యూషన్ ఎక్కడ వదిలింది, నవారు మడత దగ్గర పోగులు ఎన్ని తెగాయి, ఎంసీఆర్ మడమ కింద ఎంత అణిగింది, చీలికలోకి నీరు దిగి అరటినార ఎక్కడిదాకా నల్లబడింది, ఇవన్నీ కోతలో కనపడతాయి. అణిగిన మందాన్ని స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాసుకుని, రెండో జోడుకు చీలిక దగ్గర మైనం రెండోసారి పట్టించండి.